పలక, బలపం, ముగ్గురాయి

మంగంపేట రాయిని మొదటిసారి చేతిలోకి తీసుకున్నవాళ్లు ఒక్క క్షణం తడబడతారు. కన్ను ఒక బరువు అంచనా వేసి చేతిని సిద్ధం చేస్తుంది. రాయి ఇంకో బరువు తూగుతుంది. గ్రానైటు ముక్క ఎంత బరువుంటుందో మన చేతికి చిన్నప్పటినుంచీ అలవాటే, అది నీటికంటే సుమారు 2.7 రెట్లు బరువు. మంగంపేటలో తవ్వే ముగ్గురాయి స్వచ్ఛంగా ఉంటే 4.5 రెట్లు. చూడటానికి మాత్రం ఏ ప్రత్యేకతా ఉండదు. లోహపు మెరుపు లేదు, రంగు లేదు. బూడిదవన్నె, అక్కడక్కడ నల్లటి చారలు. చెలకలో గట్టుమీద పడి ఉంటే ఎవరూ రెండోసారి చూడరు.

ఆ బరువంతా బేరియం అనే మూలకానిది. రసాయనశాస్త్రం భాషలో ముగ్గురాయి అంటే బేరియం సల్ఫేటు, వ్యాపారుల భాషలో బెరైటీస్. పులివెందుల, వేముల వైపు డోలమైటు రాళ్ల పగుళ్లలో మంచులా తెల్లటి రకం దొరుకుతుంది, దంచితే ముగ్గుపిండిలా రాలుతుంది. మంగంపేటది ఆ నరాల రకం కాదు. పాత కడప జిల్లా ఓబులవారిపల్లె మండలంలో, రైల్వే కోడూరుకు దగ్గర్లో ఉన్న ఈ ఊళ్లో అది పొరలు పొరలుగా, పరుపు పరిచినట్టు ఉంది. ఏడు కోట్ల టన్నులకు పైగా నిల్వ ఉందని భారత భూవిజ్ఞాన సర్వేక్షణ సంస్థ లెక్కగట్టింది. ఒక్కచోట ఇంత ముగ్గురాయి ప్రపంచంలో ఇంకెక్కడా బయటపడలేదు. అదే సంస్థ ఈ చోటును జాతీయ భూవిజ్ఞాన స్మారకాల్లో ఒకటిగా గుర్తించింది. తిరుమల శిలాతోరణం, భీమిలి దారిలోని ఎర్రమట్టి దిబ్బలు కూడా ఆ జాబితాలో ఉన్నాయి. శిలాతోరణం ముందు ఫొటో దిగనివాళ్లు తక్కువ. మంగంపేట గని అంచుదాకా వచ్చి లోపలికి తొంగిచూసినవాళ్లు ఎంతమంది?

ఈ అధ్యాయం ఆసియా ఖండపు నైసర్గిక స్వరూపం గురించి. దాన్ని ఎవరెస్టు దగ్గర మొదలుపెట్టడం పుస్తకాల్లో రివాజు. నేను మంగంపేట గని దగ్గర మొదలుపెడుతున్నాను. ఎందుకంటే ఇక్కడి రాయి పుట్టేనాటికి ఆసియా లేదు. హిమాలయాలు లేవు, అరేబియా సముద్రం లేదు, బంగాళాఖాతం లేదు. ఆ నాటి భూగోళపటం మనకు ఎవరైనా చూపించినా అందులో మనం గుర్తుపట్టగలిగే తీరరేఖ ఒక్కటీ ఉండదు. ఖండం అంటే ఎప్పటికీ ఉండే వస్తువనే భావన బడిలో మనకు తెలియకుండానే అబ్బుతుంది. గోడమీది పటంలో ఆసియా ఒకే రంగు ముద్దలా ఉంటుంది మరి.

ఆ పటాన్ని కాసేపు చూద్దాం. దాదాపు 4.4 కోట్ల చదరపు కిలోమీటర్లు, భూమ్మీద ఉన్న నేలలో మూడోవంతుకు కాస్త తక్కువ. ప్రపంచంలో అన్నిటికన్నా ఎత్తైన శిఖరం ఇక్కడే, 2020లో నేపాల్, చైనా కలిసి ప్రకటించిన లెక్కలో 8,848.86 మీటర్లు. అన్నిటికన్నా పల్లమైన నేలా ఇక్కడే, మృతసముద్రపు ఒడ్డు సముద్రమట్టానికి 430 మీటర్ల కింద ఉంది. అన్నిటికన్నా లోతైన సరస్సు బైకాల్, 1,642 మీటర్లు. ఇంత ఎగుడుదిగుడు ఒకే ఖండంలో ఎందుకు పోగయింది అన్నది అసలు ప్రశ్న. అంకెలు బట్టీపట్టించి ఆ ప్రశ్న అడగకుండా వదిలేయడం మన భూగోళశాస్త్రపు చదువులో నాకు ఎప్పుడూ బాధ కలిగించే సంగతి.

సీమ పల్లెల్లో బొంత కుట్టే తీరు గుర్తుచేసుకోండి. అవ్వ తన పాత చీర, తాత చినిగిన పంచె, పిల్లల పొట్టి అయిన గుడ్డలు ఒకదాని పక్కన ఒకటి పరిచి దబ్బనంతో కుడుతుంది. ఏ గుడ్డ వయసూ ఇంకో గుడ్డ వయసు కాదు. చెయ్యి పెట్టి తడిమితే అతుకు పడ్డచోట ఎత్తుగా, గరుకుగా తగులుతుంది. ఆసియా అలాంటి అతుకుల బొంత. ఉత్తరాన సైబీరియా ఒక పాత గుడ్డ. ఉత్తర చైనా ఒకటి, యాంగ్‌ట్సీ నది పారే దక్షిణ చైనా మరొకటి. తారిమ్ ఎడారి కింద ఒకటి. టిబెట్టు అయితే ఒక్క గుడ్డ కూడా కాదు, వేర్వేరు కాలాల్లో దక్షిణం నుంచి వచ్చి అతుక్కున్న పీలికల వరస. సైబీరియా వైపు నేల యూరప్‌తో కలిసినచోట పడిన కుట్టు ఉరల్ పర్వతాలు. ఆ కుట్టు పాతది, ఇరవై అయిదు కోట్ల ఏళ్లు దాటింది కాబట్టి అరిగిపోయి తగ్గు కొండలుగా మిగిలింది. హిమాలయాలు కొత్త కుట్టు కాబట్టి అంత ఎత్తు. అతుకు వయసును బట్టి కొండ ఎత్తు, అరగదీసిన కాలాన్ని బట్టి దాని వంపు. ఆసియా పటంలోని ఎగుడుదిగుడుకు చాలావరకు ఇదే తాళంచెవి.

ఈ బొంతలో ఆఖరున వచ్చి చేరిన పెద్ద గుడ్డల్లో ఒకటి మనది. వచ్చింది ఆలస్యంగానే గానీ దాని నేత చాలా పాతది.

ఎంత పాతదో తెలియాలంటే అనంతపురం, కర్నూలు సరిహద్దు వైపు వెళ్లాలి. తొలకరి పడగానే తుగ్గలి, జొన్నగిరి, వజ్రకరూరు చేలల్లో జనం నడుములు వంచి నేల చూసుకుంటూ నడుస్తుంటారు, వజ్రాల కోసం. దూరపు ఊళ్లనుంచి సద్ది కట్టుకుని వచ్చేవాళ్లూ ఉంటారు. వాన మట్టిని కడిగితే రాయి తేలుతుందని ఆశ. ఆ వజ్రాలు పుట్టింది చేలల్లో కాదు, నేలకు నూటయాభై కిలోమీటర్లకు మించిన లోతులో. అక్కడినుంచి వాటిని పైకి మోసుకొచ్చినవి వజ్రకరూరు దగ్గరి కింబర్లైటు గొట్టాలు, సుమారు 110 కోట్ల ఏళ్లనాటి వింత అగ్నిపర్వతాలు. వజ్రం నిలవాలంటే నేల కింద చల్లగా, మందంగా, ఓడ అడుగుభాగంలా లోతుకు దిగిన పాత ఖండపు వేరు ఉండాలి. అలాంటి వేరున్న నేలను భూవిజ్ఞానులు క్రేటన్ అంటారు. కర్ణాటక నుంచి సీమ దాకా, తెలంగాణ దాకా పరుచుకున్నది ధార్వాడ్ క్రేటన్. ఇందులోని గ్రానైట్లు, నైసులు చాలావరకు 250 కోట్ల ఏళ్లనాటివి, కొన్ని అంతకన్నా పాతవి. జొన్నగిరి చేలో ఒక ముత్తైదువ పైటకొంగులో కట్టుకున్న చిన్న మెరుపురాయి ఖండపు వేరు ఎంత లోతుకు దిగిందో చెప్పే సాక్ష్యం.

ఈ పాత గ్రానైటు నేల తూర్పు అంచున కుంగింది. కుంగినచోటికి సముద్రం వచ్చింది. ఇసుక, బురద, సున్నపు అడుసు కోట్ల ఏళ్లపాటు పేరుకున్నాయి. పేరుకున్నకొద్దీ అడుగు ఇంకా కుంగింది. పొరల మందం అంతా కలిపితే 12 కిలోమీటర్ల దాకా ఉంటుందని అంచనా. దాన్ని కడప హరివాణం అంటారు. తిరుపతి దగ్గరినుంచి పల్నాడు దాకా, సుమారు 44 వేల చదరపు కిలోమీటర్లు, వీపు పడమరకు తిప్పి పడుకున్న నెలవంక ఆకారం. విలియం కింగ్ ఈ కొండలన్నీ తిరిగి రాసిన పెద్ద నివేదిక 1872లో అచ్చయింది. అప్పటినుంచి ప్రపంచంలో ఏ మూల భూవిజ్ఞానం చదివేవాళ్లకైనా కడప ఒక ఊరిపేరుగా కంటే ముందు ఒక రాతి వరుసగా పరిచయం అవుతుంది. గ్రంథాల్లోని పేర్లు మన ఊళ్లవే: గువ్వలచెరువు, వేంపల్లె, పులివెందుల, తాడిపత్రి, గండికోట, కంభం, పుల్లంపేట, బనగానపల్లె, నర్జి, పాణ్యం, కోయిలకుంట్ల, నంద్యాల. బస్సు కండక్టరు కేకల్లో వినిపించే పేర్లన్నీ అక్కడ ఒకదానిమీద ఒకటి పేర్చిన పొరలు.

గ్రానైటుకూ దానిమీది మొదటి పొరకూ మధ్య గీత తిరుమల కనుమ దారిలో స్పష్టంగా కనిపిస్తుంది. కింద గ్రానైటు, పైన ఇసుకరాయి గట్టిపడ్డ క్వార్ట్‌జైటు. రెంటి నడుమ యాభై కోట్ల ఏళ్లకు తక్కువ కాని ఖాళీ. ఆ కాలమంతా నేల అరుగుతూ మాత్రమే ఉంది, ఏదీ పేరుకోలేదు. దేవుని కడపను తిరుమలకు గడప అని పెద్దలు అంటారు. ఆ కొండ ఎక్కే ప్రతి భక్తుడూ ఈ కాలపు గడపను కూడా దాటుతాడు. బస్సు మలుపు తిరిగేలోగా ఆ గీత కనుమరుగవుతుంది.

వేంపల్లె పొరల దగ్గర కొంచెం ఆగాలి, ముగ్గురాయి కథ మొదలయ్యేది ఇక్కడే. ఈ డోలమైటులో తరిగిన ఉల్లిగడ్డలా వలయాలు వలయాలుగా ఉండే ఆకారాలు కనిపిస్తాయి. వాటిని స్ట్రోమటోలైట్లు అంటారు. లోతు తక్కువైన సముద్రపు అంచుల్లో నీలి ఆకుపచ్చ సూక్ష్మజీవులు జిగురు చాపల్లా పెరిగి, మీద పడిన సున్నపు రజనును పట్టి, మళ్లీ దాని మీదికి ఎగబాకి కట్టిన గూళ్లు అవి. ఎముక లేదు, ఆకు లేదు, కన్ను లేదు. ఎండను తిని ఆక్సిజన్ విడవడమే వాటి పని. వాటి జాతి ఆ పనిని అప్పటికే కోట్ల ఏళ్లుగా చేస్తూ వచ్చింది కాబట్టి గాలిలో ఆక్సిజన్ చేరింది. గాలిలో ఆక్సిజన్ చేరాక నేలమీది గంధకపు ఖనిజాలు తుప్పుపట్టి, వాగుల వెంట కొట్టుకుపోయి సముద్రంలో సల్ఫేటుగా కరిగాయి. సముద్రంలో సల్ఫేటు దండిగా ఉండటం వెనక ఈ సూక్ష్మజీవుల చాకిరీ ఉంది. ఇది గుర్తుంచుకోండి.

ఈ డోలమైటులోకి కిందినుంచి కరిగిన రాయి చొరబడింది. పొరల మధ్య సందుల్లో అడ్డంగా పరుచుకుని గట్టిపడింది. పులివెందుల దగ్గరి అలాంటి ఒక పరుపు వయసును కొలిస్తే 188.5 కోట్ల ఏళ్లు తేలింది. ఆ వేడికి, ఆ నీటికి డోలమైటు కొన్నిచోట్ల గుణం మార్చుకుని మెత్తటి రాయి అయింది. గోటితో గీస్తే గీత పడే రాయి, సబ్బులా జారే రాయి. కర్నూలు వైపు, బేతంచెర్ల ప్రాంతంలో దొరికే బలపపు రాయి అదే. మన తాతలూ తల్లిదండ్రులూ ‘అ ఆ’లు దిద్దిన బలపం ఒకప్పుడు సముద్రపు సున్నపు అడుసు, ఆపైన అగ్నికి కాగిన రాయి.

బలపం ఉంటే పలక కూడా ఉండాలి కదా. దాని కథ కూడా ఇదే హరివాణంలోది. నెలవంక తూర్పు సగంలో, నల్లమల వైపు, సముద్రం లోతుగా ఉండేది. అక్కడ పేరుకున్నది నల్లటి మెత్తని బురద. ఆ బురద గట్టిపడ్డ పొరలకు ఉత్తరాన కంభం పేరు, దక్షిణాన పుల్లంపేట పేరు పెట్టారు. మార్కాపురం పలకలు తవ్వింది కంభం పొరల్లోంచి. మంగంపేట ముగ్గురాయి ఉన్నది పుల్లంపేట పొరల్లో. ఒకే సముద్రపు బురద, ఒకచోట పలక అయింది, ఇంకోచోట లోకంలోకెల్లా పెద్ద ముగ్గురాయి నిల్వకు పరుపు అయింది.

ముగ్గురాయి అక్కడికి ఎలా వచ్చింది? బేరియం మామూలుగా గ్రానైటులాంటి రాళ్లలోని పొటాషియం ఫెల్‌స్పార్‌లో చెదిరి ఉంటుంది. నేల లోతుల్లో తిరిగే వేడి ఉప్పునీరు దాన్ని కరిగించి మోసుకురాగలదు, ఒకే ఒక్క షరతు మీద: ఆ నీటిలో సల్ఫేటు ఉండకూడదు. సల్ఫేటు తగిలిందా, ఆ క్షణమే బేరియం దాన్ని పట్టుకుని రాయిగా రాలిపోతుంది. మళ్లీ కరగదు. లీటరు నీటిలో రెండుమూడు మిల్లీగ్రాములకు మించి కరగని మొండి పదార్థం అది. కడుపు ఎక్స్‌రే తీసేముందు రోగిచేత బేరియం తాగించేది ఆ ధైర్యంతోనే. మామూలు బేరియం లవణాలు విషం, ఈ సల్ఫేటు మాత్రం కరగదు కనుక ఒంటికి పట్టకుండా వచ్చినదారిన పోతుంది. సముద్రపు అడుగున పగుళ్లలోంచి వేడినీటి ఊటలు బేరియాన్ని తెచ్చాయి. పైన సముద్రంలో సల్ఫేటు సిద్ధంగా ఉంది. రెండూ కలిసినచోట తెల్లటి రజను మంచులా కురిసి నల్లటి బురదమీద పరుచుకుంది.

గని గోడలో కింది భాగం సన్నటి పొరలతో, ముదురు బూడిదరంగులో, అక్కడక్కడ ఇనుపగంధకపు మెరుపులతో ఉంటుంది. పైభాగం వేరు. అక్కడ శనగగింజలంత గుండ్రటి ముగ్గురాయి ఉండలు బూడిదలో ఒత్తుకున్నట్టు కనిపిస్తాయి. కొన్నిచోట్ల గులాబీ రేకుల్లా విచ్చుకున్న స్ఫటికాలు. ఆ ఉండలు చూసి కొందరు ఇది అగ్నిపర్వతం చిమ్మిన బూడిదవానతో వచ్చిందని వాదించారు. స్మారకాల జాబితాలో కూడా అగ్నిపర్వత సంబంధమైన నిల్వగానే రాశారు. సముద్రపు ఊటలే కారణమని, ఆ ఉండలు అడుగున దొర్లి పేరుకున్నవని ఇంకొందరి వాదన. నాకు ఊటల వాదన బలంగా తోస్తుంది, కింది పొరల ఓపికైన సన్నదనం చూశాక. నల్లరంగు మాత్రం ఎవరూ కాదనని సాక్ష్యం. అది ఆనాటి జీవుల కర్బనం. అడుగున ఆక్సిజన్ అందక కుళ్లకుండా నిలిచిపోయింది.

అయితే బురద ఊరికే పలక కాదు. గట్టిపడ్డ బురద పొరలు పేలవంగా, పెళుసుగా విరుగుతాయి. మార్కాపురం పలకలా బల్లపరుపుగా, పల్చగా చీలాలంటే ఎవరో ఆ కొండను పక్కనుంచి అదిమి ఉండాలి. అదిమింది తూర్పునుంచి వచ్చిన ఇంకో ఖండం. నల్లమల, వెలికొండ పటంలో చూడండి. దుప్పటిని ఒక అంచునుంచి నెడితే పడే మడతల్లా ఉత్తర దక్షిణాలుగా సాగుతాయి. తూర్పు వైపు మడతలు బిగుతుగా ఉంటాయి, పడమటికి పోయేకొద్దీ సడలుతాయి, తాడిపత్రి దాటేసరికి పొరలు చాపలా చదునైపోతాయి. నెట్టినచేయి ఏవైపు ఉందో ఇంతకన్నా సూటిగా ఏ రాయీ చెప్పదు. ఆ నెట్టుడు ఒక్కసారి జరిగింది కాదు. తూర్పు కనుమల రాళ్లలో నూట అరవై కోట్ల ఏళ్లనాటి కాక గుర్తులున్నాయి, వందకోట్ల ఏళ్ల దగ్గరివీ ఉన్నాయి. ఆ రెండో తడవకు తూర్పు కనుమలను వచ్చి ఢీకొన్న నేల ఏదో కాదు, అంటార్కిటికా.

వెలికొండ ఎక్కి తూర్పుకు చూస్తే నెల్లూరు మైదానం, ఆపైన సముద్రం. కోట్ల ఏళ్లపాటు అక్కడ సముద్రం లేదు. నడిచిపోగలిగితే అంటార్కిటికాలోని ఎండర్బీ సీమకు చేరేవాళ్లం. ఆఫ్రికా, మడగాస్కర్, ఆస్ట్రేలియా, దక్షిణ అమెరికా కూడా కలిసే ఉండేవి. ఆ మహాఖండానికి ప్రపంచం పెట్టుకున్న పేరు మన గోండులది, గోండ్వానా. గోదావరి లోయలో సింగరేణి బొగ్గుగా మిగిలిన చెట్ల జాతులు అంటార్కిటికా మంచుకింది రాళ్లలోనూ ఉన్నాయి. సుమారు 13 కోట్ల ఏళ్ల క్రితం ఆ అతుకు విడిపోయింది, చీలికలోకి సముద్రం వచ్చింది, అదే ఇవాళ్టి బంగాళాఖాతం. 2012లో భారతదేశం అంటార్కిటికాలోని లార్స్‌మన్ కొండల్లో ‘భారతి’ పరిశోధన కేంద్రాన్ని తెరిచింది. ఆ చోటును ఎంచుకోవడానికి ఒక కారణం అక్కడి రాళ్లు మన తూర్పు కనుమల రాళ్లకు తోబుట్టువులు కావడం. విడిపోయిన తోడబుట్టినవాళ్ల ఇంటికి పదమూడు కోట్ల ఏళ్ల తర్వాత మళ్లీ వెళ్లినట్టు అనిపిస్తుంది నాకు ఆ కేంద్రం పేరు చదివినప్పుడల్లా.

తర్వాత మడగాస్కర్ పడమటి వైపునుంచి విడిపోయింది, సుమారు 8.8 కోట్ల ఏళ్ల కింద. ఒంటరిగా మిగిలిన మన ముక్క ఉత్తరానికి సాగింది. ఖండాల లెక్కలో అది పరుగే, ఒక దశలో ఏటా పదిహేను సెంటీమీటర్లకు పైగా. దారిలో దక్కన్ లావా కక్కుకుంది. సుమారు 5 కోట్ల ఏళ్ల క్రితం ఆసియాను తాకింది. రెంటి మధ్య నలిగి మాయమైన సముద్రం పేరు టెథిస్. దాని అడుగున బతికిన అమ్మోనైట్ అనే గవ్వజీవుల శిలాజాలు గండకీ నదిలో దొరుకుతాయి. మన పూజగదుల్లో వాటిని శాలిగ్రామాలంటాం. హిమాలయం ఒకప్పుడు సముద్రగర్భమని చెప్పడానికి ఎవరెస్టు ఎక్కనక్కరలేదు, అమ్మమ్మ తులసినీళ్లతో కడిగే నల్లరాయి చాలు.

ఇంత దూరపు సంగతులు సీమ రైతుకు ఏం సంబంధం అని ఎవరైనా అడిగితే, వానను చూపిస్తాను. మంగళూరు వైపు ఏటా 3,500 మిల్లీమీటర్ల పైచిలుకు వాన కురుస్తుంది. అనంతపురంలో సుమారు 550, కడపలో 700 దరిదాపు. మధ్యలో ఉన్నది పడమటి కనుమలు. నైరుతి మేఘం ఆ గోడ ఎక్కేటప్పుడే చాలావరకు ఒట్టిపోతుంది. ఆ గోడ ఎందుకు ఉంది? మడగాస్కర్, ఆపైన సీషెల్స్ చీలిపోయినప్పుడు తెగిన అంచు లేచి నిలబడింది కాబట్టి. తెగిన అంచు లేచింది కనుక పీఠభూమి తూర్పుకు వాలింది. తూర్పుకు వాలింది కనుక కృష్ణ, తుంగభద్ర పడమటి సముద్రానికి దగ్గర్లో పుట్టినా తూర్పు సముద్రం వెతుక్కుంటూ వస్తాయి. సీమ కరువు పాలకుల చేతలతో పెరిగి ఉండొచ్చు, తగ్గి ఉండొచ్చు, దాని మొదటి అక్షరం మాత్రం ఖండాలు విడిపోయిన రోజున పడింది. అసలు నైరుతి రుతుపవనం ఇంత బలంగా ఉండటానికి ఉత్తరాన హిమాలయం అడ్డుగోడ ఒక కారణం. మధ్య ఆసియా చలిగాలి, పొడిగాలి దక్షిణానికి దిగి ఇక్కడి తేమతో కలవకుండా అది ఆపుతుంది. టిబెట్టు పీఠభూమి వేసవిలో వేడెక్కి గాలిని లాగుతుందని పుస్తకాల్లో చదువుకున్నాం. గోడగా హిమాలయం చేసే పని అంతకన్నా పెద్దదని 2010 తర్వాతి పరిశోధనలు వాదిస్తున్నాయి. అంటే ఒక అతుకు వానను తెస్తుంది, ఒక చీలిక ఆ వానను ఆపుతుంది. రెంటి మధ్యన సీమ వేరుశనగ చేను.

పెన్న ఈ కథను తన ఒంటిమీద రాసుకున్న నది. కర్ణాటకలోని నంది కొండల్లో పుట్టి 597 కిలోమీటర్లు పారుతుంది. దారిలో కొండలు అడ్డుపడితే చుట్టుతిరగలేదు, కోసుకుని వచ్చింది. గండికోట దగ్గర ఎర్రటి క్వార్ట్‌జైటును నిట్టనిలువుగా చీల్చింది. కోటకు పేరు ఆ గండి వల్లనే వచ్చింది. వెలికొండను సోమశిల దగ్గర దాటింది. కోయడానికి ఇంత నీరు ఎప్పుడు ఉండేదా అనిపిస్తుంది ఎండాకాలం ఆ ఇసుకలో నిలబడితే. కాలం ఉంటే నీరు తక్కువైనా చాలు అన్నది ఒక జవాబు. ఇంకో జవాబు 2021 నవంబరు 19న పెన్న ఉపనది చెయ్యేరు చెప్పింది. మంగంపేట ఉన్న ఈ రాజంపేట, కోడూరు పట్టి పడమట శేషాచలం, పాలకొండలకూ తూర్పున వెలికొండకూ నడుమ ఇరుక్కున్న లోయ. నైరుతితో పాటు ఈశాన్య రుతుపవనం, బంగాళాఖాతపు వాయుగుండాలు కూడా ఇక్కడ లెక్కలోకి వస్తాయి. ఆ రాత్రి కొండలమీద కురిసిన వానంతా ఒక్కసారి దిగింది. అన్నమయ్య జలాశయం మట్టికట్ట తెగింది. తెల్లవారుజామున పులపత్తూరు, తొగురుపేట, మందపల్లి ఊళ్లమీదికి నీళ్లు వచ్చాయి. ఇళ్లు పోయాయి, మనుషులు పోయారు, పొలాల్లో నిలువెత్తు ఇసుక మేట వేసింది. కరువుసీమ అని పేరుపడ్డ నేలలో వరద గుణం మరిచిపోవడం ప్రమాదం. కొండలను ఇలా కోసింది ఏడాది పొడుగునా పారే నీరు కాదు, అలాంటి రాత్రులే.

ఈ కొండల పేద నేల ఒక గొప్ప చెట్టును కూడా పెంచింది. ఎర్రచందనం సహజంగా పెరిగేది శేషాచలం, పాలకొండ, లంకమల, వెలికొండ చుట్టుపక్కలే. అంత పెద్ద ఆసియాలో ఇంకెక్కడా అడవిగా లేదు. క్వార్ట్‌జైటు మీది రాతినేల, నీళ్లు నిలవని వాలు, ఎండ. మిగతా చెట్లు వద్దనుకున్నచోట అది ఎరుపెక్కుతూ, గట్టిపడుతూ నిదానంగా పెరుగుతుంది.

భూమి ఇంకా ఆగలేదు. మన ఫలకం ఏటా సుమారు 5 సెంటీమీటర్లు ఉత్తరానికి జరుగుతూనే ఉంది. మంగంపేట గనితో సహా, గని అంచున ఉన్న వేపచెట్టుతో సహా. ఆ ఒత్తిడి హిమాలయాల దగ్గరే ఆగకుండా పాత నేలలోని బలహీనమైన పగుళ్లనూ తాకుతుంది. 1967లో ఒంగోలు, 1993లో లాతూరు కంపించింది అందుకే.

ముగ్గురాయి బరువు దగ్గరికి మళ్లీ వద్దాం. ఆ బరువుకోసమే లోకం మంగంపేటకు వస్తుంది. చమురు బావి తవ్వేటప్పుడు కిలోమీటర్ల లోతున బిగిసి ఉన్న వాయువు ఒక్కసారి పైకి తన్నకుండా బావి నిండా బరువైన బురద నింపుతారు. ఆ బురదను బరువెక్కించేది ముగ్గురాయి పిండి. నీటికంటే 4.2 రెట్లు, అంతకు మించి తూగితే మేలురకం. గల్ఫ్ ఎడారుల్లో, అమెరికా తీరంలో తవ్వే బావుల్లోకి ఓబులవారిపల్లె మిల్లుల్లో నలిగిన పిండి దిగుతుంది. అరేబియా నేల కింది చమురులో చాలాభాగం పుట్టింది టెథిస్ సముద్రపు అంచుల్లో. పాత సముద్రపు రాయి వెళ్లి, దానికంటే వయసులో చాలా చిన్నదైన ఇంకో సముద్రపు చమురును అదిమిపట్టి నిలుపుతుంది.

2019 సెప్టెంబరులో ఓబులవారిపల్లె నుంచి వెంకటాచలం దాకా కొత్త రైలుమార్గం తెరిచారు, కృష్ణపట్నం రేవుకు దగ్గరిదారి. దానికోసం వెలికొండను 6.6 కిలోమీటర్ల పొడవున తొలిచారు. విద్యుత్ రైళ్లు నడిచే సొరంగాల్లో అప్పటికి దేశంలో అదే పొడవైనదని ప్రకటించారు. పడమటి ముఖం దగ్గర రైలు లోపలికి దూరుతుంది. కిటికీలో లోయ తోటలు పోయి చీకటి వస్తుంది. ఆ కొద్ది నిమిషాలూ చక్రాల కింద, పక్కన, నెత్తిమీద ఉన్నవి అంటార్కిటికా వైపునుంచి తోసుకొచ్చినప్పుడు ముడుచుకున్న మడతలు. అవతలి ముఖం దగ్గర రాపూరు వెలుతురు, తాటిచెట్లు, ఉప్పుగాలి.